లైసోజోముల కదలికల వీడియో నుంచి బలాన్ని లెక్కించడం సాధ్యమేనా?

ప్రశ్న – కణయానం

ప్రయోగశాలలో పెంచిన సజీవ ఉపకళా కణాలలో లైసోజోములకు (కణంలోని వ్యర్థాలను జీర్ణించే చిన్న సంచులకు) ఫ్లోరోసెంట్ రంగు పట్టించి, 50 మిల్లీసెకన్లకు ఒక ఫ్రేము చొప్పున వీడియోలు తీశాను. ట్రాక్‌మేట్ అనే సాఫ్ట్‌వేర్‌తో వాటి మార్గాలను గుర్తించి, సగటు వర్గ స్థానభ్రంశం (ఒక వ్యవధిలో జరిగిన దూరపు వర్గానికి సగటు) కాలవ్యవధిని బట్టి ఎలా మారుతోందో లాగ్-లాగ్ గ్రాఫులో గీశాను. అతి తక్కువ వ్యవధుల దగ్గర గీత దాదాపు చదునుగా ఉంది. ఒక సెకను దాటాక దాని వాలు 1.4 వరకు పెరుగుతోంది. వేగం తెలుసు కాబట్టి, స్టోక్స్ సూత్రంలో (ద్రవంలో కదిలే గోళంపై పడే నిరోధాన్ని చెప్పేది) ఆ వేగాన్ని, లైసోజోము వ్యాసార్థాన్ని, చుట్టూ ఉన్న ద్రవపు స్నిగ్ధతను పెట్టి, లైసోజోములను లాగే మోటార్ ప్రోటీన్లు ప్రయోగించే బలాన్ని చెప్పవచ్చునా? చదునైన భాగాన్ని లైసోజోములు ఎక్కడో చిక్కుకుపోయాయని అర్థం చేసుకోవచ్చునా?

సమాధానం – పిక్సెల్‌పట్టిక

చదునైన భాగం గురించి ముందు చెబుతాను. అది చాలావరకు జీవకణానికి సంబంధించినది కాకపోవచ్చు. ప్రతి ఫ్రేములోనూ బిందువు కేంద్రాన్ని గుర్తించడంలో కొంత దోషం తప్పదు. ఆ దోషం ఒక్కో అక్షంపై 30 నానోమీటర్లయితే, సమతల చిత్రంలో దాని వర్గానికి నాలుగు రెట్లు, అంటే 0.0036 చదరపు మైక్రోమీటర్లు, ప్రతి వ్యవధి దగ్గరా అదనంగా చేరతాయి. అసలు కదలిక ఇంతకంటే తక్కువగా ఉన్నచోట గీత చదునుగా కనిపించక మానదు. అదే రంగు పట్టించి ఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరచిన కణాలను అదే కాంతిలో, అదే ఎక్స్‌పోజర్‌తో చిత్రీకరిస్తే ఈ విలువ నేరుగా తెలుస్తుంది. ఎక్స్‌పోజర్ ప్రభావం మాత్రం దీనికి వ్యతిరేక దిశలో పనిచేస్తుంది: షట్టరు తెరిచి ఉన్నంతసేపూ బిందువు కదులుతూనే ఉండటం వల్ల, సాధారణ బ్రౌనియన్ చలనంలో (ఉష్ణం వల్ల కలిగే యాదృచ్ఛిక కదలికలో) లెక్కకు వచ్చే వ్యవధి ఎక్స్‌పోజర్‌లో మూడోవంతు మేర తగ్గినట్లుంటుంది.

వాలు 1.4 విషయంలోనూ తొందరపడవద్దు. యాదృచ్ఛిక కదలికకు వాలు 1, ఒకే దిశలో స్థిరంగా సాగే కదలికకు 2 ఉంటుంది. కణం మొత్తం పక్కకు జరుగుతున్నా, సూక్ష్మదర్శిని వేదిక మెల్లగా కదులుతున్నా వాలు 2 వైపు పెరుగుతుంది. గాజుపలకకు అంటిన పూసలు వేదిక కదలికను మాత్రమే పట్టిస్తాయి. కణం జరగడాన్ని, తిరగడాన్ని తొలగించాలంటే, దగ్గరగా ఉన్న రెండు లైసోజోముల మధ్య దూరం ఎలా మారుతోందో చూడటం మేలు.

సమాధానం – జీవభౌతికం

బలం విషయానికి వస్తే, చిత్రం మనకు ఇచ్చేది స్థానభ్రంశం మాత్రమే. దానిని బలంగా మార్చేది మాధ్యమం గురించి మనం చేసే ఊహ. వ్యాసార్థం 0.25 మైక్రోమీటరు, వేగం సెకనుకు 1 మైక్రోమీటరు, స్నిగ్ధత నీటిదే అనుకొని లెక్కిస్తే బలం దాదాపు 0.005 పికోన్యూటన్లు వస్తుంది. కైనెసిన్ అనే మోటార్ ప్రోటీను ఒక్క అణువును ఆపడానికే 5 నుంచి 7 పికోన్యూటన్లు కావాలని ఆప్టికల్ ట్వీజర్ల (లేజరు కాంతితో సూక్ష్మ వస్తువులను పట్టి లాగే పరికరం) ప్రయోగాలు చూపాయి. మోటారు ఎప్పుడూ పూర్తి బలంతో లాగుతుందని కాదు గానీ, వెయ్యి రెట్ల తేడా ఉన్నప్పుడు అనుమానించవలసింది స్నిగ్ధతనే. చిన్న ప్రోటీనుకు కణద్రవ్యం నీటికంటే కొన్ని రెట్లే చిక్కగా తోస్తుంది; లైసోజోమంత వస్తువుకు కణాస్థిపంజరపు తంతువులు అడ్డుపడతాయి, పైగా ఆ మాధ్యమం సాగి వెనక్కి లాగుతుంది కూడా. ఏ స్నిగ్ధత పెడితే ఆ బలం వస్తుంది కాబట్టి, ఆ లెక్కను కొలత అనలేము.

1995లో మేసన్, వైట్జ్ చూపిన పద్ధతిలో కదలికల నుంచే మాధ్యమపు గుణాలను రాబట్టవచ్చు. అయితే ఆ కదలికలకు ఉష్ణం ఒక్కటే కారణమైనప్పుడే అది చెల్లుతుంది. మోటార్లు పనిచేస్తున్న కణంలో చెల్లదు. అందుకే 2014లో వైట్జ్ బృందం కణంలోని పూసలను ఆప్టికల్ ట్వీజర్లతో లాగి, మాధ్యమపు బిగువును విడిగా కొలిచి, ఆ తర్వాతే సహజ కదలికల నుంచి బలాల వర్ణపటాన్ని లెక్కించింది. మీ వద్ద కదలికల కొలత ఉంది గానీ, మాధ్యమపు బిగువు కొలత లేదు.

కణయానం

వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. ట్వీజర్లు మాకు అందుబాటులో లేవు. మోటార్లకు శక్తినిచ్చే అణువైన ఏటీపీని కణంలో హరించి, ముందూ తర్వాతా కదలికలను పోల్చితే మోటార్ల వంతు తెలియదా?

సమాధానం – జీవభౌతికం

కదలికలో ఎంత భాగం ఏటీపీపై ఆధారపడిందో తెలుస్తుంది, బలం తెలియదు. పైగా ఏటీపీ లేనప్పుడు మయోసిన్ అనే మోటార్ ప్రోటీను తలలు ఆక్టిన్ తంతువులను వదలకుండా పట్టుకుంటాయి కాబట్టి, మాధ్యమమే బిగుసుకుపోయి కదలిక తగ్గి ఉండవచ్చు.

సమాధానం – జెల్‌పీఠం

కణం పరిసరాలపై చూపే బలం చాలుననుకుంటే మార్గం వేరే ఉంది. 1980లో హారిస్, సహచరులు పలుచని సిలికోన్ పొరపై కణాలు ముడతలు పుట్టించడాన్ని చూపారు. 1999లో డెంబో, వాంగ్ పాలీఅక్రిలమైడ్ జెల్‌లో పూసలు నింపి వాటి స్థానభ్రంశం నుంచి బలాల పటాన్ని గణించారు. జెల్ బిగువును ముందే కొలుస్తాము కాబట్టి ఇక్కడ ఊహకు చోటు తక్కువ. ట్రిప్సిన్ అనే ఎంజైముతో కణాన్ని ఊడదీశాక, బలం లేని జెల్‌ను తీసే చిత్రమే పోలికకు ఆధారం. ఆ మధ్య ఫోకస్ మారితే మొత్తం పాడవుతుంది. స్థానభ్రంశం నుంచి వెనక్కి లెక్కించేటప్పుడు చిన్న దోషం కూడా పెద్దదవుతుంది, అందువల్ల ఆ దోషాన్ని అణచడానికి లెక్కలో ఎంత నునుపు చేశారో ఫలితంతోపాటు తప్పక రాయండి.

లైసోజోములతోనే కొనసాగదలిస్తే, బలం అనకుండా, పరుగులనూ విరామాలనూ వేరుచేసి పరుగుల వేగాన్నీ నిడివినీ నివేదించండి. మొదటి నిమిషపు మార్గాలను, చివరి నిమిషపు మార్గాలను విడివిడిగా లెక్కించి చూడండి. రెండూ ఒకేలా లేకపోతే కాంతి కణాన్ని గాయపరుస్తోందేమోనని ముందుగా పరీక్షించాలి.