దేశపు సగటు ఉష్ణోగ్రత 0.65 డిగ్రీలు ఎక్కువన్న లెక్కను మన రాయలసీమ రైతు ఎందుకు నమ్మాలి?

గుత్తికోట
భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం 2024లో దేశపు వార్షిక సగటు ఉష్ణోగ్రత 1991–2020 మధ్యకాలపు సగటు కంటే 0.65 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా నమోదైంది. 1901 నుంచి లెక్కలున్న సంవత్సరాలన్నింటిలోనూ అదే అత్యంత వేడి సంవత్సరం. మా ఊరి రచ్చకట్ట మీద ఈ సంగతి చదివి వినిపిస్తే పెద్దలెవరూ ఒప్పుకోలేదు. ముక్కాలు డిగ్రీ కూడా లేనిదానికి ఇంత ఆందోళన ఎందుకని కొందరు, మన ఎండకూ ఆ అంకెకూ పొంతనే లేదని మరికొందరు అన్నారు. తెలిసినవారు వివరించగలరు.

చీనీతోట, తాడిపత్రి
నేను ఈ లెక్కను నమ్మను, కారణం కూడా చెబుతాను. 2016 సంవత్సరపు వేడి సగటు కంటే 0.91 డిగ్రీలు ఎక్కువని మొదట ప్రకటించారు. కొన్నేళ్ళకు అదే సంవత్సరానికి 0.71 అన్నారు. ఇప్పుడు 0.54 అంటున్నారు. గడిచిపోయిన సంవత్సరపు ఎండ ఇప్పుడెలా తగ్గుతుంది? ఒకే బస్తాను మూడుసార్లు తూస్తే మూడు బరువులు వచ్చినప్పుడు రైతు మొదట అనుమానించేది కాటానే.

లెక్కల అయ్యవారు, కడప
మీరు చెప్పిన మూడు అంకెలూ సరైనవే. కానీ అవి మూడు వేర్వేరు ఆధారాల నుంచి కొలిచినవి. 0.91 అన్నప్పుడు 1961–1990 సగటుతోనూ, 0.71 అన్నప్పుడు 1981–2010 సగటుతోనూ, 0.54 అన్నప్పుడు 1991–2020 సగటుతోనూ పోల్చారు. చెరువు కట్ట ఎత్తు పెంచి, ఆ కట్ట మీద నిలబడి పక్కనున్న తాటిచెట్టును చూస్తే అది పొట్టిదైనట్టు కనిపిస్తుంది, చెట్టు మాత్రం ఎంత ఉండేదో అంతే ఉంటుంది. 2016 వేడి తగ్గలేదు, పోల్చుకునే ముప్పై ఏళ్ళ సగటే పైకి జరిగింది. 0.91లోంచి 0.54 తీసివేస్తే మిగిలే 0.37 డిగ్రీలు దాదాపుగా ఆ కట్ట పెరిగిన ఎత్తు. మీరు మోసానికి రుజువుగా చూపిన తేడాయే దేశం వేడెక్కిందనడానికి రుజువుగా నిలుస్తోంది.

నల్లరేగడి, ఆదోని
నా చిన్నతనంలో మేమంతా చౌడుమిద్దె మీద రాత్రి రెండోజాముకల్లా దుప్పటి కప్పుకొనేవాళ్ళం, ఇప్పుడు సిమెంటు మిద్దె మీద తెల్లవారుజాము దాకా వీపు కాలుతూనే ఉంటుంది.

చీనీతోట, తాడిపత్రి
అయ్యవారూ, కట్ట సంగతి అలా ఉంచండి. అసలు కొలిచే యంత్రం ఎక్కడుందో చెప్పండి. కొన్నేళ్ళ కిందట నేను నాలుగెకరాల్లో వేరుశనగ వేసి, వాతావరణ బీమాకు ప్రీమియం కట్టాను. పూత మీద వానలేక, ఊడలు దిగక చేను ఎండిపోయింది. పరిహారం అడిగితే, నా చేనుకు పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న యంత్రం దగ్గర వాన పడినట్టు నమోదైంది కాబట్టి నాకు నష్టం జరగలేదని జవాబు ఇచ్చారు. పక్క ఊరి యంత్రమే నా చేను సంగతి చెప్పలేనప్పుడు, కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా కలిపి తీసిన సగటు ఏం చెబుతుంది?

లెక్కల అయ్యవారు, కడప
మీకు జరిగినది అన్యాయమే, కానీ మీరు వాన లెక్కకూ ఎండ లెక్కకూ తేడా తెలుసుకోకుండా మాట్లాడుతున్నారు. వాన ఒక చేలో కురిసి పక్క చేలో కురవకుండా పోతుంది. ఉష్ణోగ్రత అలా మారదు. అనంతపురంలో ఒక నెల మామూలు కంటే వేడిగా గడిస్తే, బళ్ళారిలోనూ కర్నూలులోనూ చాలావరకు అలాగే గడుస్తుంది. అందుకే ప్రతి కేంద్రంలోనూ ఆ కేంద్రపు మామూలు స్థాయి నుంచి ఎంత తేడా వచ్చిందో చూసి, ఆ తేడాలకే సగటు తీస్తారు. నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, ఎండ నేరుగా తగలని నీడలో కొలుస్తారు కాబట్టి మీ నెత్తిన పడే ఎండ కంటే ఆ అంకె తక్కువగా కనిపించడం సహజం.

ఇక ముక్కాలు డిగ్రీ గురించి. వాతావరణ శాఖ లెక్కలో 1901 నుంచి 2024 వరకు దేశపు సగటు వందేళ్ళకు 0.68 డిగ్రీల చొప్పున పెరిగింది. పగటి గరిష్ఠం 0.89 చొప్పున, రాత్రి కనిష్ఠం 0.46 చొప్పున పెరిగాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు, అంటే నేలలోని తేమను మరింతగా లాగేస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన మీద బతికే అనంతపురం మెట్టచేనుకు అది చిన్న విషయం కాదు.

తుంగభద్ర తీరం, కర్నూలు
మన దేశపు పెరుగుదల ప్రపంచ భూభాగపు సగటు కంటే తక్కువగా కనిపించడానికి గాలిలోని పొగ, ధూళి ఎండను కొంత అడ్డుకోవడమూ, ఉత్తరాది మైదానాల్లో విస్తారంగా నీరు పారించడమూ కారణాలని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఆ పొగ తగ్గిన రోజున దాగిన వేడి బయటపడుతుందన్న సంగతి కూడా ఈ చర్చలో ఉండాలి.

చీనీతోట, తాడిపత్రి
తేడా తెలియనివాడినని రాశారు. నలభై ఏళ్ళుగా ఆకాశం చూసి విత్తనం వేసినవాణ్ణి, నాకు వానకూ ఎండకూ తేడా తెలియదంటే ఊరుకోలేను. వేడి పెరగలేదని నేను ఎక్కడా అనలేదు, పైకి వెళ్ళి నా మాటలు మళ్ళీ చదవండి.

నా బాధ వేరే ఉంది. మా ఊరి చెరువుకు నీరు తెచ్చే వంక పూడ్చి ప్లాట్లు వేశారు. రోడ్డు వెడల్పు చేస్తూ మా తాతలనాటి చింతచెట్లను రెండు వైపులా కొట్టేశారు. ఈ సంగతి గ్రామసభలో అడిగితే, వచ్చిన అధికారి భూతాపం ప్రపంచమంతా ఉంది, దానికి మనమేం చేయగలమని చెప్పి వెళ్ళిపోయాడు. మీ సగటు అంకె నిజమే కావచ్చు. కానీ అది మా ఊరికి చేరేసరికి, వంక పూడ్చినవాడూ చెట్టు కొట్టినవాడూ తప్పించుకోవడానికి పనికివస్తోంది. అమెరికా పొగ వల్ల ఎండ పెరిగిందంటే ఇక్కడ జవాబు చెప్పాల్సినవాడు ఎవడూ మిగలడు. అందుకే ఆ అంకె వినగానే నాకు కోపం వస్తుంది.

నల్లరేగడి, ఆదోని
అన్నా, మా దగ్గర కూడా చెరువు విషయంలో అచ్చంగా ఇదే సమాధానం చెప్పారు.

లెక్కల అయ్యవారు, కడప
ఆ మాట రాయడం నా పొరపాటు, క్షమించండి. మీరు లెక్కను కాదంటున్నారని అనుకుని, లెక్కకే జవాబు చెబుతూ వచ్చాను.

అయినా నా వైపు నుంచి ఒక భయం చెప్పనివ్వండి. మా బడిలో ప్రతి ఏడాదీ వర్షాకాలంలో పిల్లల చేత మొక్కలు నాటిస్తాం. ఎండలు తగ్గాలంటే ఇక ఇదే చాలని పిల్లలూ, వారి తల్లిదండ్రులూ నమ్ముతున్నారు. చెరువు నిండితే, చెట్టు నిలబడితే ఊళ్ళో పగటి వేడి నిజంగానే తగ్గుతుంది, మీతో నాకు అక్కడ పేచీ లేదు. కానీ బొగ్గు, పెట్రోలు కాల్చగా గాలిలో చేరిన కార్బన్ డయాక్సైడులో కొంత భాగం వందల ఏళ్ళు అలాగే ఉండిపోతుంది, మా బడి ఆవరణలోని వేపమొక్కలు దానిని తీసివేయలేవు. దేశపు సగటును పక్కన పెడితే అలా కాల్చిన అపరాధులు కూడా తప్పించుకుంటారు. మీ ఊరి వంక పూడ్చినవాడు ఎంత బాధ్యుడో, వారూ అంతే బాధ్యులు.

చీనీతోట, తాడిపత్రి
కట్ట ఎత్తు లెక్క ఒప్పుకుంటున్నాను, మూడు తూకాల మాట వెనక్కి తీసుకుంటున్నాను. బీమా సంగతి మాత్రం వెనక్కి తీసుకోను. ఒక్క కోరిక ఉంది. వచ్చే గ్రామసభకు మీరు ఆ 1901 నాటి నుంచి ఉన్న పట్టికను తీసుకుని రండి, మా ఇంట్లోనే భోజనం చేద్దురు. మా చెరువు విస్తీర్ణం పాత సర్వే రిజిస్టరులో ఎన్ని ఎకరాలో తహసీల్దారు కార్యాలయం నుంచి నకలు తీసి నేను ఉంచుతాను. రెండు కాగితాలూ ఒకే రోజున, ఒకే అధికారి ముందు చదువుదాం.