అప్‌డేట్: అత్తయ్యగారితో, నాలుగేళ్ల బాబుతో డిసెంబర్‌లో ఊటీ వెళ్లొచ్చా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం

మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారు చలికి తట్టుకుంటారా, బెంగళూరు నుంచి ఏ దారిలో వెళ్లాలి అని అడిగాను. ఊటీలో కాకుండా కాస్త కిందున్న కూనూర్‌లో దిగమని చాలామంది చెప్పారు. అలాగే చేశాం. ఊటీ దాదాపు 2,240 మీటర్ల ఎత్తు, కూనూర్ 1,850. ఆ తేడా రాత్రిపూట బాగా తెలిసింది.

దారిలో వచ్చే బండీపూర్ అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు ఆపేస్తారు కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరాం. నీలగిరి జిల్లాలోకి బండి వెళ్లడానికి కావాల్సిన ఈ-పాస్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. 36 మలుపుల కల్హట్టి ఘాట్ వద్దనుకుని గూడలూరు మీదుగా వెళ్లాం. దూరం ఎక్కువే, కానీ బాబు ఒక్కసారి కూడా వాంతి చేసుకోలేదు.

గెస్ట్‌హౌస్‌లో మాత్రం మొదటి రాత్రి టెన్షన్ పడ్డాం. రూమ్ హీటర్ ఉందన్నారు, తీరా చూస్తే పనిచేయలేదు. అక్కడి వాచ్‌మన్ అన్న రెండు రగ్గులు, వేడినీళ్ల బ్యాగు తెచ్చి అత్తయ్యగారి కాళ్ల దగ్గర పెట్టాడు. ఆయన మేలు మర్చిపోలేను. మీరు వెళ్తే హీటర్ వేసి వీడియో పంపమని ముందే అడగండి.

మర్నాడు కూనూర్ నుంచి ఊటీకి టాయ్ ట్రైన్ ఎక్కాం. కిటికీ పక్కన కూర్చున్న అత్తయ్యగారు, "మీ మామయ్యగారు ఉంటే ఎంత సంబరపడేవారో" అన్నారు. ఊటీ దగ్గరున్న దొడ్డబెట్ట శిఖరం చూడటం మానేశాం.

సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్ అండీ.