క్రిస్మస్ నక్షత్రం ఉన్న పిల్లల కథను ఎవరికి పంపాలి? (సభ్యులు మారుపేర్లతో రాసే ఆన్‌లైన్ చర్చ)

రెండో ప్రతి:
ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లల కోసం ఒక కథ రాశాను. తండ్రి పనికి వలస వెళ్లిన ఇంట్లో ఒక పిల్లవాడు వెదురు బద్దలు కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి క్రిస్మస్ నక్షత్రం తయారు చేస్తాడు. బద్ద విరిగితే నాయనమ్మ తన పాత గొడుగు ఊచ పీకి ఇస్తుంది. కథ బాగుందని, నక్షత్రాన్ని కార్తిక మాసపు ఆకాశదీపంగా మారిస్తే వేసుకుంటామని ఒక పిల్లల పత్రిక వారు అన్నారు. చివర ఒక బైబిలు వాక్యమూ, దేవుడు తనకు చేసిన మేలు గురించి పిల్లవాడు చెప్పే సాక్ష్యమూ చేర్చమని ఒక క్రైస్తవ ప్రచురణ సంస్థ వారు కోరారు. నేను రెండూ చేయలేదు. ఇక ఎవరికి పంపాలి?

సండే స్కూలు టీచరు:
వాక్యం చేర్చితే తప్పేమిటి? ఇరవై ఏళ్లుగా ప్రతి వేసవిలో విబిఎస్, అంటే పిల్లల సెలవుల బైబిలు బడి, నడుపుతున్నాను. మాకు దొరికేవన్నీ అనువాదాలే కావడంతో, మంచు అంటే ఫ్రిజ్‌లో తప్ప చూడని మా పిల్లలు మంచుబొమ్మలకు రంగులు వేస్తుంటారు. మీలాంటివారు రాయాలి, కానీ ఎవరి కథో చెప్పి మరీ రాయాలి.

పాత సంచికలు:
పిల్లల పత్రికకు మతమెందుకు? జాషువా గారు క్రైస్తవులే అయినా, 1941 నాటి గబ్బిలం కావ్యంలో అభాగ్యుడి మొరను కాశీ విశ్వేశ్వరుడికే పంపారు. పైగా ఆ కాగితపు నక్షత్రం మనది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో మొరేవియన్లనే క్రైస్తవ శాఖ వారి బడిలో రేఖాగణితం పాఠంగా మొదలైంది.

గంజి గిన్నె:
కాగితానికి మైదా జిగురు కంటే గంజి మేలు. మైదాకు ఎలుకలు వస్తాయి.

రెండో ప్రతి:
అదే జాషువా గారు క్రీస్తు చరిత్ర కూడా రాశారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం దానికే వచ్చింది. 1947లో మొదలైన చందమామలో రామాయణ భారతాలను మేమూ ఇష్టంగా చదువుకున్నాం, వాటిని మతమని ఎవరూ పక్కన పెట్టలేదు. మా ఇంటి చూరుకు వేలాడే నక్షత్రం మాత్రం మతమెలా అయింది?

పాత సంచికలు:
జర్మనీ సంగతికి మీరు జవాబు చెప్పలేదు.

సండే స్కూలు టీచరు:
ఆయనకు జవాబెందుకు? నా ప్రశ్నకు చెప్పండి. వాక్యం వద్దంటారు, ఇక్కడ అసలు పేరూ పెట్టుకోరు. ప్రభువు పేరు చెప్పడానికి సిగ్గుపడేవారు క్రైస్తవ రచయితలమని చెప్పుకోవడం ఎందుకు?

రెండో ప్రతి:
అడిగారు కాబట్టి చెబుతున్నాను. నాకు బడి రిజిస్టరులో ఒక పేరు, చర్చిలో ఒక పేరు ఉన్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తాడు. చర్చి పేరుతో అట్ట మీదికెక్కిన పుస్తకాన్ని రేపు నా ఉద్యోగానికి ఆధారమైన ఎస్సీ ధ్రువపత్రం మీద ఫిర్యాదుకు ఎవరైనా జత చేస్తే, వాక్యం చేర్చమన్న సంస్థ వచ్చి నిలబడదు. ఆ నక్షత్రం కట్టినంత వరకే నేను చెప్పగలిగింది.

సండే స్కూలు టీచరు:
మా అబ్బాయికీ రెండు పేర్లే, అమ్మా. ఇంట్లో పిలిచే పేరు బయట పలకవద్దని వాడికి ఆరో ఏట నేర్పింది నేనే. అందుకే ఒక్క పుస్తకం మీదనైనా మన పేరు అచ్చులో చూడాలని నా పంతం. మీ ఉద్యోగం పణంగా పెట్టి చూడాలని మాత్రం కాదు. అయినా వాక్యం ఉండాలనే అంటాను.

కొత్త సభ్యుడు:
2015లో మొదలైన స్టోరీవీవర్ అనే ఉచిత పిల్లల కథల వెబ్‌సైట్‌లో కలం పేరుతో పెట్టుకోవచ్చు కదా?

రెండో ప్రతి:
ఆలోచించాను. అక్కడి లైసెన్సు ప్రకారం రచయిత పేరు చెప్పి ఎవరైనా కథను మార్చి మళ్లీ వేసుకోవచ్చు. వారం తిరక్కుండానే ఎవరో ఒకరు దాన్ని నా కలం పేరు కిందే ఆకాశదీపం చేస్తారు.

గంజి గిన్నె:
గొడుగు ఊచ బరువెక్కువ, కాగితం చిరుగుతుంది. నాయనమ్మ చేత కొబ్బరి ఈనెలు ఇప్పించండి.