అక్వేరియంలోకి వచ్చి చేరిన నత్తలను పూర్తిగా చంపాలా, అదుపులో ఉంచితే చాలా?

ప్రశ్న – హనుమకొండ నుంచి

గుప్పీ చేపలు, చెర్రీ రొయ్యలు ఉన్న మా తొట్టిలో కొత్త మొక్కలు నాటిన కొద్ది వారాలకే చిన్న నత్తలు కనిపిస్తున్నాయి. గుల్ల పలచగా, గోధుమ రంగులో ఉండి, లోపలి శరీరం మీది పసుపు చుక్కలు బయటికి అగుపిస్తున్నాయి. కొమ్ములు దారపు పోగుల్లా సన్నగా ఉన్నాయి. మొన పైకి, నోరు మన వైపు ఉండేలా గుల్లను పట్టుకుంటే ఆ నోరు ఎడమ పక్కకు వస్తున్నది. ఆకుల అడుగున పారదర్శకమైన జిగురు ముద్దలు కూడా ఉన్నాయి. మైలుతుత్తం (రాగి లవణం, కాపర్ సల్ఫేట్) వేయమని ఒకరు, లోచ్ చేపను తెమ్మని మరొకరు చెబుతున్నారు. ఏది సరైన పద్ధతి?

కాజీపేట సభ్యుడు

పూర్తిగా తొలగించడమే మంచిదని నా అభిప్రాయం. ఈ జాతిలో ప్రతి నత్తా ఆడా మగా రెండూ అయినందున, జత లేకపోయినా ఒక్కటి మిగిలితే చాలు, తొట్టి మళ్లీ నిండుతుంది. ఫిల్టరు గొట్టంలో చేరి నీటి ప్రవాహాన్ని తగ్గిస్తాయి. రొయ్యలను వేరే తొట్టిలోకి మార్చి, మైలుతుత్తం తగు మోతాదులో వేసి, తర్వాత నీళ్లు మార్చుకుంటే సమస్య తీరిపోతుంది.

కరీంనగర్ సభ్యురాలు

కాజీపేట సోదరుడు చెప్పిన సంతాన వేగం నిజమే కాని, మందు విషయంలో నేను గట్టిగా విభేదిస్తున్నాను. నోరు ఎడమకు ఉండటం, కొమ్ములు సన్నగా ఉండటం చూస్తే ఇది బ్లాడర్ నత్త, అంటే ఫైసెల్లా అక్యూటా. చెరువుల్లో దొరికే లిమ్నియా నత్తకు నోరు కుడి వైపు, కొమ్ములు వెడల్పుగా త్రికోణాకారంలో ఉంటాయి. చక్రంలా చుట్టుకున్నది రామ్స్‌హార్న్. శంఖంలా పొడుగ్గా ఉండి పగలు ఇసుకలో దాగేది మలేషియన్ ట్రంపెట్. బ్లాడర్ నత్త మిగిలిన మేతను, పాచిని, కుళ్లుతున్న ఆకును తింటుందే తప్ప పచ్చని ఆకు జోలికి సాధారణంగా పోదు.

ఇక మైలుతుత్తం సంగతి. మన ప్రాంతంలో చాలామంది బోరు నీళ్లే పోస్తారు, ఆ నీళ్లలో కాఠిన్యం ఎక్కువ. కఠినమైన నీటిలో రాగి కొంత భాగం కార్బొనేట్లతో కలిసి అడుగున పేరుకుంటుంది కాబట్టి, వేసిన మోతాదుకూ నీటిలో పనిచేసే మోతాదుకూ పొంతన ఉండదు. నీళ్లు మార్చినా గులకరాళ్ల మధ్య మిగిలిన రాగి, తిరిగి తెచ్చి వేసిన రొయ్యలను చంపగలదు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఏమిటంటే, నత్తలన్నీ ఒకేసారి చచ్చి కుళ్లితే అమ్మోనియా పెరుగుతుంది. పీహెచ్ ఎక్కువగా ఉన్న నీటిలో అది మరింత విషపూరితం, పైగా మన ఎండాకాలంలో వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు ముందే తక్కువ. నత్తల కోసం వేసిన మందుతో చేపలే పోతాయి.

లోచ్ నత్తలను తింటుంది కాని రొయ్యలనూ వదలదు, గుంపుగా పెరగాల్సిన చేప, చిన్న తొట్టికి తగదు. నత్తలను తినే మరో చేప, కేరళ నదుల్లోని బఠాణీ పఫర్, చిన్నదే అయినా గుప్పీల తోకలు కొరుకుతుంది.

మేత తగ్గించండి. రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయండి. రాత్రి కీరదోస ముక్క ఒకటి అడుగున ఉంచి, తెల్లవారుజామున దీపం వేయకముందే నత్తలతో సహా తీసేయండి. ఆకుల అడుగున ఉన్న జిగురు ముద్దలు నత్త గుడ్లే, వాటిని గోటితో గీకి పారేయండి. మేత లేకపోతే సంఖ్య తానే తగ్గుతుంది.

జనగామ సభ్యుడు, పశువైద్య రంగం

ఇక్కడ మరొక కోణం చూడాలి. చెరువు నుంచి మొక్కలు తెచ్చుకునే అలవాటు మన దగ్గర ఉంది. లిమ్నియా నత్తలు గొర్రెలకు, గేదెలకు వచ్చే కార్జపు జలగలకు ఆశ్రయమిస్తాయి. మన దేశపు రామ్స్‌హార్న్, ఇండోప్లానార్బిస్, పశువుల్లో గురక వ్యాధి కలిగించే పరాన్నజీవికి ఆశ్రయమిస్తుంది. అలాంటి నత్త నుంచి వెలువడే పిల్ల పురుగులు మనిషి చర్మానికి కూడా దురద కలిగించవచ్చు. అందుకే చెరువు నత్తలను మాత్రం ఉంచకూడదనే నా వాదన.

కరీంనగర్ సభ్యురాలు

అది ఒప్పుకోవలసిన మాటే. అయితే ఆ పురుగు నత్తలోకి చేరాలంటే జబ్బు చేసిన పశువు మలమో, ముక్కు స్రావమో నీటిలో కలవాలి. తొట్టిలోనే పుట్టి పెరిగిన నత్తకు ఆ అవకాశం లేదు. చెరువు నుంచి నేరుగా తెచ్చిన నత్తను తీసేయడం సబబే. తీసేసిన వాటిని భద్రకాళి చెరువులోనో మోరీలోనో వదలకండి. ఫైసెల్లా ఉత్తర అమెరికా జాతి, మన చెరువులకు చెందినది కాదు. చిదిమి పూలకుండీ మట్టిలో పాతండి.

కాజీపేట సభ్యుడు

తొట్టిలో రాగి వద్దన్న కారణాలు నాకు నచ్చాయి, ఆ సూచనను వెనక్కు తీసుకుంటాను. కాని కొత్త మొక్కలను పటిక నీటిలో నానబెట్టి నాటాలన్న నియమం మాత్రం వదలకూడదు.

కరీంనగర్ సభ్యురాలు

పటిక పెద్ద నత్తలను చంపుతుంది గాని, జిగురు లోపలి గుడ్లు చాలాసార్లు బతికిపోతాయి. వెచ్చని నీటిలో అవి వారం పది రోజుల్లో పొదుగుతాయి కాబట్టి, మొక్కలను రెండు మూడు వారాలు వేరే టబ్బులో ఉంచి, కనిపించిన పిల్లలను ఏరేయడం ఎక్కువ నమ్మకమైన పద్ధతి. హనుమకొండ సోదరుడు ఇప్పుడు చేయాల్సింది మాత్రం మేత తగ్గించడమే.