భాషా చర్చ: ‘యేసు పిచ్చోడు’ ఎక్కడ బెడిసికొట్టింది?

గ్రూపులో అందరికీ నమస్కారం. శనివారం మా వాళ్ల చర్చిలో ఒక చిన్న గొడవ అయింది. మొదట మతం గొడవ అనుకున్నాను. తీరా చూస్తే విభక్తి గొడవ. అందుకే ఇక్కడికి తెచ్చాను.

మా మేనల్లుడు వాళ్ల చర్చి యూత్ గ్రూపులో గిటార్ వాయిస్తాడు. అమెరికా క్రైస్తవ ర్యాప్, రాక్ అంటే ప్రాణం. అందులోనూ టోబీమాక్ అంటే ఇక చెప్పక్కర్లేదు. యువజన కూడికలో ఆయన గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారట. వీడు రాత్రంతా కూర్చుని స్లయిడ్లు చేశాడు. ఆయన బృందానికి పేరు తెచ్చిన పాట ‘జీసస్ ఫ్రీక్’. దాన్ని తెలుగు చేసి మొదటి స్లయిడ్ మీద పెద్ద పెద్ద అక్షరాలతో ‘యేసు పిచ్చోడు’ అని వేశాడు. వెనక వరసలో ఉన్న సంఘ పెద్ద ఒకాయన కళ్లజోడు సవరించుకుని పైకే చదివారు. ‘యేసు’ అని కాస్త ఊపిరి పీల్చుకుని ‘పిచ్చోడు’ అన్నారు. అంతే, ప్రొజెక్టర్ ఆగిపోయింది. రాత్రి పదింటికి వీడి ఫోన్: “మావయ్యా, నేను రాసింది అది కాదు. ఆయన చదివింది అది.”

నిజానికి ఇద్దరిదీ తప్పు లేదు. వీడి ఉద్దేశం యేసంటే పిచ్చి ఉన్నవాడని, ఆయనకు వినిపించింది యేసే పిచ్చోడని. మన భాషలో రెండు నామాలు పక్కపక్కన పెడితే చాలు, క్రియ లేకుండానే వాక్యం తయారవుతుంది. శీను డాక్టరు. సోము మంచోడు. షష్ఠీ సంబంధం కూడా అలాగే, ఏ ప్రత్యయమూ లేకుండా కుదురుతుంది. శీను తమ్ముడు, సోము ఇల్లు. డుమంతాలైతే, అంటే ‘డు’తో ముగిసే పేర్లైతే, బతికిపోతాం. ‘రాముడు పిచ్చోడు’ అంటే ఒకటి, ‘రాముడి పిచ్చోడు’ అంటే ఇంకొకటి. ఆ ఒక్క ‘డి’ పరువు కాపాడుతుంది. యేసు, శీను, సోము లాంటి పేర్లకు ఆ రక్షణ లేదు. ‘సినిమా పిచ్చోడు’, ‘క్రికెట్ పిచ్చోడు’ అన్నప్పుడు ఎవరూ తడబడరు, సినిమాకు పిచ్చెక్కదు కాబట్టి. మనిషి పేరు వచ్చేసరికి మాత్రం చదివేవాడు ఎక్కడ ఆగితే అర్థం అటు ఒరుగుతుంది.

సరే, వాక్యం సంగతి తేలింది. మాట సంగతి తేలలేదు. ‘ఫ్రీక్’ అంటే ‘పిచ్చోడు’ అనొచ్చా?

ఇంగ్లీషులో ఈ మాటకు మంచి చరిత్రేమీ లేదు. సర్కసు పక్కన ఇంకో డేరా వేసి, వింత ఆకారాలున్న మనుషుల్ని టికెట్ పెట్టి చూపించేవాళ్లు. దాన్నే ఫ్రీక్ షో అనేవాళ్లు. 1960ల్లో జుట్టు పెంచుకుని తిరిగే హిప్పీ కుర్రాళ్లను అదే మాటతో తిట్టారు. వాళ్లు రోషపడలేదు సరికదా, అవును మేమంతే అని దాన్ని బిరుదులా తగిలించుకున్నారు. కాలిఫోర్నియాలో ఆ కుర్రాళ్లలో కొందరు క్రైస్తవులై, ఆ జుట్టుతోనే, ఆ ఉత్త కాళ్లతోనే చర్చిలకు రావడం మొదలుపెట్టారు. వాళ్లకు పడిన పేరు జీసస్ ఫ్రీక్స్. 1971 జూన్ 21 నాటి టైమ్ పత్రిక ముఖచిత్రమే వాళ్ల ఉద్యమం మీద వచ్చింది. అదే ఏడాది ఎల్టన్ జాన్ పాట ‘టైనీ డాన్సర్’లోనూ జీసస్ ఫ్రీక్స్ వీధిలో నిలబడి కనిపిస్తారు. ఆ పాట ఉన్న ఆల్బం పేరులోనూ ఒక పిచ్చివాడున్నాడు. అది కాకతాళీయమే అనుకోండి.

అప్పటికి మన టోబీమాక్‌కు (అసలు పేరు టోబీ మెకీహన్) ఏడేళ్లు. 1964 అక్టోబర్ 22న వర్జీనియా రాష్ట్రంలోని ఫెయిర్‌ఫాక్స్‌లో పుట్టాడు. వాషింగ్టన్ డీసీకి దగ్గర్లో ఉన్న ఊరు. చదువు లించ్‌బర్గ్‌లోని లిబర్టీ యూనివర్సిటీలో. జెర్రీ ఫాల్వెల్ అనే బాప్టిస్టు పాస్టరు 1971లో కాలేజీగా మొదలుపెట్టిన సంస్థ అది. నైతిక విలువల పేరుతో రాజకీయాల్లోకి కూడా దిగిన మనిషి ఆయన. అలాంటి ప్రాంగణంలో ఈ తెల్ల కుర్రాడు ర్యాప్ చేస్తానన్నాడు. మైకేల్ టెయిట్ అనే నల్లజాతి గాయకుడు, కెవిన్ మాక్స్ అనే ఇంకో తెల్ల గాయకుడు తోడయ్యారు. 1987 నాటికి బృందం తయారైంది. పేరు డీసీ టాక్.

భాషాప్రియులు ఈ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. డీసీ అంటే మొదట తన ఊరి పక్కనున్న వాషింగ్టన్ డీసీయే. తర్వాత ఆ రెండక్షరాలకు ‘డీసెంట్ క్రిస్టియన్’ అని కొత్త విడమర్పు చెప్పుకున్నారు. అంటే మర్యాదస్తులైన క్రైస్తవుల మాట. ర్యాప్ అనగానే ముఖం చిట్లించే చర్చి పెద్దలకు ఇది ఒక రకంగా హామీపత్రం. 1989లో మొదటి ఆల్బం, 1990లో రెండోది, 1992లో ‘ఫ్రీ ఎట్ లాస్ట్’, దానికి గ్రామీ. 1994లో క్లీవ్‌లాండ్‌లో బిల్లీ గ్రాహం అనే పేరుమోసిన సువార్తికుడి సభల్లో యువజన రాత్రికి పాడారు. మర్యాదకు అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది?

ఆ మరుసటి ఏడే ‘జీసస్ ఫ్రీక్’ వచ్చింది. డీసెంట్ అని పేరు పెట్టుకున్నవాళ్లు ఫ్రీక్ అని పాడారు. నా దృష్టిలో ఆయన కెరీర్ మొత్తానికి ఇదే మలుపు. సంగీతం కూడా మాటకు తగ్గట్టే మారింది. ర్యాప్ కింద నిర్వాణ అనే రాక్ బృందం తరహాలో మొరటుగా మోగే గ్రంజ్ గిటార్ దూరింది. మెత్తగా మొదలై పల్లవి దగ్గర ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను, ఈ వయసుకు కొంచెం ఎక్కువే. ఆల్బం అమెరికాలో ఆల్బంలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ 200 పట్టికలో 16వ స్థానంలో దిగింది. ఇంకో గ్రామీ వచ్చింది.

పాటలో ఒకచోట ఎడారి మనిషి ఒకడు వస్తాడు. బాప్తిస్మమిచ్చు యోహాను. ఇది తెలిశాక నాకు ‘ఫ్రీక్’ మాట సగం అర్థమైంది. మన తెలుగు బైబిల్లో ఆయన వేషం చూడండి: ఒంటె రోమముల వస్త్రము, మొలచుట్టు తోలుదట్టి, ఆహారం మిడతలు, అడవి తేనె. అలాంటి మనిషి ఇవాళ మన బస్టాండులో కనిపిస్తే మనం వాడే మాట పిచ్చోడే కదా. ఆ రోజుల్లో జనం అన్నదీ దాదాపు అదే: ‘వీడు దయ్యముపట్టినవాడు’.

1999లో ఇదే పేరుతో ఈ బృందం, వాయిస్ ఆఫ్ ద మార్టర్స్ అనే సంస్థతో కలిసి, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల కథల పుస్తకం తెచ్చింది. హిప్పీ ఎగతాళితో మొదలైన మాట హతసాక్షుల దాకా వెళ్లింది. మధ్యలో ఒక మాట. ఈ ‘హతసాక్షి’ ఎంత గొప్ప తెలుగు మాటో గమనించారా? ఇంగ్లీషు ‘మార్టర్’కు మూలమైన గ్రీకు పదానికి సాక్షి అనే అర్థం. మనవాళ్లు ఆ సాక్షిని వదలకుండా ముందు ‘హత’ చేర్చారు. ఇంగ్లీషు మాట ఆ సాక్షిని ఎప్పుడో మర్చిపోయింది.

తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను. బృందం విడివిడి దారులు పట్టింది. 2001లో ‘మొమెంటమ్’ ఆల్బంతో టోబీమాక్ పేరున సోలో ప్రయాణం మొదలైంది. ఒకపక్క 1994లోనే స్నేహితులతో కలిసి పెట్టిన గోటీ రికార్డ్స్ అనే సంగీత సంస్థ నడుస్తోంది. 2012లో ‘ఐ ఆన్ ఇట్’ ఆల్బం నేరుగా బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానానికి వెళ్లింది. బృందంతోనూ సోలోగానూ కలిపి గ్రామీలు ఏడు. సోలో ఆల్బంలలో చిన్న పిల్లవాడి గొంతు ఒకటి ట్రూడాగ్ పేరుతో వినిపిస్తుంటుంది. అది ఆయన పెద్దకొడుకు ట్రూయెట్. వాడు పెరిగి తనూ ర్యాపర్ అయ్యాడు. 2019 అక్టోబర్ 23న, తండ్రి 55వ పుట్టినరోజు జరిగిన మర్నాడు, చనిపోయాడు. 21 ఏళ్లు. కొన్ని నెలలకు తండ్రి విడుదల చేసిన పాట పేరు ‘21 ఇయర్స్’. అందులో గంతులు లేవు, సవాళ్లు లేవు. దేవుణ్ణి ప్రశ్నలే అడుగుతాడు.

ఇక నా ప్రతిపాదన. ఈ మాటకు తెలుగు వెతకాల్సిన పనే లేదు, వందేళ్ల పైనుంచీ మన బైబిల్లోనే ఉంది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, 4వ అధ్యాయం, 10వ వచనం: ‘మేము క్రీస్తు నిమిత్తము వెఱ్ఱివారము’. తిట్టును తీసుకుని తలపాగాలా చుట్టుకోవడం అంటే ఇదే. ‘నిమిత్తము’ అనే మాట ఉంది కాబట్టి ఎవరికి వెర్రో అన్న అనుమానమూ రాదు. పౌలు ఈ మాటను ఊరికే వాడలేదు, తర్వాత ఫేస్తు అనే అధిపతి ఆయన ముఖం మీదే ‘అతి విద్యవలన నీకు వెఱ్ఱిపట్టినది’ అని అరుస్తాడు. ‘మతపిచ్చి’, ‘ఉన్మాదం’ వాడొద్దని నా మనవి. అవి ఎదుటివాణ్ణి కొట్టే వెర్రికి పెట్టిన పేర్లు. ఇక్కడున్నది తనను చూసి నవ్వినా పట్టించుకోని వెర్రి.

మీరేమంటారు?

జవాబు (హైదరాబాద్ నుంచి):
అన్నా, ‘వెర్రివారము’ పుస్తకం భాష. పాటలో నప్పదు. మా దగ్గర ‘దివానా’ అంటే సరిపోతది. యేసు దివానా. ప్రేమ ఉంది, పిచ్చి ఉంది, తిట్టు లేదు. ఎక్కడ ఆగి చదివినా గొడవ కూడా తక్కువే.

జవాబు (గుంటూరు నుంచి):
దివానా దాకా వెళ్లారు, మా మస్తాన్‌ను మర్చిపోయారు. మా ఊళ్లో కాలే మస్తాన్ షావలీ దర్గా ఉంది. ఈ పక్క మస్తానయ్యలు, మస్తానమ్మలు వీధికొకరు, హిందువుల్లో కూడా. పారసీ ‘మస్త్’ అంటే మత్తెక్కినవాడు. దేవుడి మత్తు అన్నమాట. సంస్కృతం ‘మత్త’కూ దీనికీ చుట్టరికం ఉంది. అంటే మనం డాక్టరు ఇచ్చే ‘మత్తు’, తెలంగాణలో అనే ‘మస్తుగుంది’, మా మస్తానయ్య, ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు. నారద భక్తి సూత్రాల్లో కూడా దేవుణ్ణి తెలుసుకున్నవాడు ‘మత్తో భవతి’ అనే ఉంది.

జవాబు (విశాఖ నుంచి):
మాస్టారూ, ‘వెర్రివాడు’తో మా వైపు ఇంకో చిక్కు. మేం పలికేది ‘యెర్రోడు’. ఎర్రగా ఉన్నవాడా, వెర్రివాడా అని మళ్లీ చర్చ పెట్టాలి. పైగా ఈ కాలం పిల్లలకు వెర్రి అనగానే ‘ఎర్రిపప్ప’ గుర్తొస్తుంది. అందులో భక్తి ఎక్కడిది, జాలి తప్ప?

జవాబు (డల్లాస్ నుంచి):
పోతన గారిని ఎవరూ తలుచుకోలేదేంటండీ? ప్రహ్లాదుడు ఒకచోట ఏడుస్తాడు, ఒకచోట పాడతాడు, ఒకచోట గట్టిగా నవ్వుతాడు, ‘నళినాక్షుఁ డను నిధానముఁ గంటి నే నని యుబ్బి గంతులువైచు నొక్కచోట’. ఇంట్లోవాళ్లకు మాత్రం వాడు దారితప్పిన పిల్లాడే. ఇక్కడ మా పిల్లలు టోబీమాక్ కచేరీకి వెళ్తే నేనూ వెళ్లాను. గంతులంటే ఏమిటో ఆ రోజు చూశాను, పద్యం గుర్తొచ్చింది. ఫ్రీక్‌కు ఒక్క మాటలో తెలుగు లేకపోతేనేం, ‘ఉబ్బి గంతులు వేసేవాడు’ అని మూడు మాటల్లో ఉంది.

నా జవాబు:
డల్లాస్ వారికి దండం. పద్యం అతికినట్టు సరిపోయింది. ఒక్క తేడా ఉంది. ప్రహ్లాదుడు తనను తాను పిచ్చివాడినని ఎక్కడా అనుకోడు, అనేది చూసేవాళ్లు. ఫ్రీక్‌లో ఉన్న మెలిక, అనిపించుకున్న మాటను తానే ముందుగా అనేయడం. పౌలు వాక్యంలో ఆ మెలిక ఉంది. హైదరాబాద్ తమ్ముడూ, దివానా నాకూ నచ్చింది. కానీ తిట్టు లేని చోట ఎగరేసుకోవడానికి ఏముంటుంది? విశాఖ వారు చెప్పిన జాలికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ‘పిచ్చి తండ్రీ’ అని మా అమ్మ నన్ను పిలిచేది, దాన్ని ఏ ఇంగ్లీషులో పెట్టాలో ఎవరైనా చెబితే సంతోషిస్తాను.

ఆదివారం అప్‌డేట్:
మేనల్లుడు స్లయిడ్ మార్చాడు. ‘మేము క్రీస్తు నిమిత్తము వెర్రివారము’ అని వేసి, కింద వచనం సంఖ్య కూడా పెట్టి, ఆ పెద్దాయనకు ముందుగా ఫోన్లో చూపించాడట. ఆయన రెండుసార్లు చదివి, “వాక్యం సరే, వెఱ్ఱిలో బండి ఱ ఏది? సొంతంగా మార్చేస్తావా?” అన్నారట. ఇప్పుడే వాడి మెసేజ్ వచ్చింది: “మావయ్యా, ఫోన్ కీబోర్డులో బండి ఱ ఎక్కడుంటుంది?”

తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. కూడిక ఆరింటికి.