బస్సులో తీసుకెళ్లగల రిఫ్రాక్టర్: 250 మి.మీ. తీసుకోవాలా, 420 మి.మీ. తీసుకోవాలా?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. మా సొంత ఊరు మార్కాపురం దగ్గర, నల్లమల అంచున ఉంది. అమావాస్యకు దగ్గర్లో శని, ఆదివారాలు కలిసివస్తే ఊరికి వెళ్లి, మా పెద్దనాన్నగారి పొలంలో బావి గట్టు పక్కన ట్రైపాడ్ నిలబెట్టి ఆకాశం ఫొటోలు తీస్తున్నాను. నా దగ్గర కెనాన్ 1500డి కెమెరా, స్కైవాచర్ స్టార్ అడ్వెంచరర్ 2ఐ ట్రాకర్ (నక్షత్రాల కదలికకు తగ్గట్టు కెమెరాను తిప్పే పరికరం) ఉన్నాయి. కెమెరాలో ఏ మార్పూ చేయించలేదు. ఇప్పటిదాకా 135 మి.మీ. లెన్సుతో కృత్తికలను, అంటే మా నాయనమ్మ పిల్లలకోడి అని చూపించిన చుక్కల గుంపును, ఓరియన్ నెబ్యులాను తీశాను. ఇప్పుడు చిన్న రిఫ్రాక్టర్, అంటే లెన్సులతో పనిచేసే టెలిస్కోప్, కొనాలనుకుంటున్నాను. ప్రయాణం బస్సులో కాబట్టి సామానంతా ఒక వీపు సంచి, ఒక ట్రైపాడ్ సంచిలో సరిపోవాలి.

రెండింటి మధ్య తేల్చుకోలేకపోతున్నాను. ఒకటి విలియం ఆప్టిక్స్ రెడ్‌క్యాట్ 51 (ఫోకల్ లెంగ్త్ 250 మి.మీ., ఎఫ్/4.9), రెండోది స్కైవాచర్ ఎవోస్టార్ 72ఈడీ (420 మి.మీ., ఎఫ్/5.8). 51 మి.మీ. వ్యాసమున్న లెన్సు కంటే 72 మి.మీ. లెన్సు దాదాపు రెట్టింపు కాంతిని పోగుచేస్తుంది కాబట్టి మనసు దాని వైపే మొగ్గుతోంది. ఆండ్రోమెడా గెలాక్సీ, రోజెట్ నెబ్యులా, వేసవిలో లగూన్ నెబ్యులా తీయాలని నా కోరిక. నేను ఆలోచిస్తున్న తీరు సరైనదేనా?

మొదటి జవాబు (అనంతపురం నుంచి)

మీ లెక్క తప్పు కాదు. అయితే అది కంటితో చూసేవారికి పనికొచ్చినంతగా కెమెరాతో తీసేవారికి పనికిరాదు. 72 మి.మీ. లెన్సు రెట్టింపు కాంతిని పోగుచేసినా, 420 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఆ కాంతిని మరింత విశాలంగా పరుస్తుంది. అందువల్ల నెబ్యులా వంటి పరుచుకున్న వస్తువును తీసేటప్పుడు ఒక్కో పిక్సెల్‌కు అందే కాంతి ఎఫ్/5.8లో కంటే ఎఫ్/4.9లోనే సుమారు 1.4 రెట్లు ఎక్కువ. పెద్ద గొట్టం ఇచ్చేది దగ్గరి చూపు. ఆ దగ్గరి చూపును మీ ట్రాకర్ మోయగలదా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

మీ కెమెరా పిక్సెల్ 3.72 మైక్రాన్లు. దాన్ని 206తో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే, ఒక్కో పిక్సెల్‌కు 250 మి.మీ. దగ్గర సుమారు 3.1 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), 420 మి.మీ. దగ్గర 1.8 ఆర్క్‌సెకన్లు వస్తాయి. అంటే ట్రాకర్ చేసే ప్రతి చిన్న తప్పూ రెండోదానిలో 1.7 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. పైగా మీ 2ఐ ట్రాకర్‌లో మోటారు ఒక్క అక్షానికే ఉంది. ట్రాకర్ అక్షాన్ని ధ్రువనక్షత్రం వైపు సరిగ్గా గురిపెట్టడంలో తేడా వస్తే నక్షత్రాలు ఉత్తర దక్షిణాలుగా జారిపోతాయి, ఆ జారుడును గైడింగ్ (రెండో చిన్న కెమెరాతో నక్షత్రాన్ని గమనిస్తూ ట్రాకర్‌ను సరిదిద్దడం) కూడా ఆపలేదు. మార్కాపురంలో ధ్రువనక్షత్రం సుమారు 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరాన చెట్లో పొగమంచో ఉంటే దాన్ని పట్టుకోవడమే కష్టం, కాబట్టి బావి గట్టు పక్కన ఆ దిక్కు తెరిపిగా ఉన్న చోటును పగలే చూసిపెట్టుకోండి.

ఇక ఫ్రేమ్ సంగతి. 250 మి.మీ. దగ్గర మీకు సుమారు 5.1 × 3.4 డిగ్రీల ఆకాశం దొరుకుతుంది. మూడు డిగ్రీల పొడవుండే ఆండ్రోమెడా అందులో చుట్టూ ఖాళీతో హాయిగా కూర్చుంటుంది. 420 మి.మీ. దగ్గర ఫ్రేమ్ 3 × 2 డిగ్రీలే కాబట్టి గెలాక్సీ ఈ అంచు నుంచి ఆ అంచుదాకా తగులుతుంది. రోజెట్, లగూన్ రెండింటిలోనూ పడతాయి.

హైదరాబాద్ బేగంపేటలోని నిజామియా వేధశాలలో ఒకప్పుడు 15 అంగుళాల గ్రబ్ రిఫ్రాక్టర్ ఉన్నా, ఆకాశ పటం కోసం ఫొటోలు తీసింది 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తోనే (ఫొటోల కోసమే చేసిన టెలిస్కోప్). ఫొటోకు కావలసిన గుణాలు వేరని ఆనాడే మనవాళ్లకు తెలుసు. నా మాట రెడ్‌క్యాట్‌కే.

రెండో జవాబు (విశాఖపట్నం నుంచి)

పై జవాబులోని లెక్కలతో నేను ఏకీభవిస్తాను. కానీ 72 మి.మీ. రిఫ్రాక్టర్‌ను రెండు శీతాకాలాలుగా వాడుతున్నవాడిగా దాని పక్షాన ఒక మాట చెప్పాలి. ఊళ్లో టెలిస్కోప్ నిలబెడితే చుట్టుపక్కల పిల్లలందరూ చేరతారు. గొట్టానికి డయాగనల్ (చూపును పక్కకు తిప్పే అద్దం), ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) తగిలించి శని వలయాలను వాళ్లకు చూపించిన రాత్రులు నాకు ఫొటోల కంటే విలువైనవి. ఫొటో కోసమే తయారైన రెడ్‌క్యాట్‌తో ఆ పని అంత సులువుగా జరగదు.

అయితే 72ఈడీ కొంటే ఫీల్డ్ ఫ్లాటెనర్ (ఫ్రేమ్ మూలల్లోనూ నక్షత్రాలు గుండ్రంగా వచ్చేలా చేసే అదనపు లెన్సు) విడిగా కొనక తప్పదని ముందే లెక్కవేసుకోండి. అది లేకుండా తీసిన నా మొదటి ఫొటోలో మధ్యలోని నక్షత్రాలు గుండ్రంగానే ఉన్నా, మూలల్లోనివి చింతగింజల్లా సాగిపోయాయి. ఫ్లాటెనర్ తెచ్చాక కూడా వెంటనే సరికాలేదు. చాలా ఫ్లాటెనర్లు తమ వెనక అంచు నుంచి సెన్సర్ దాకా 55 మి.మీ. దూరం అడుగుతాయి. కెనాన్‌కు టీ-రింగ్ (కెమెరాను టెలిస్కోప్‌కు బిగించే రింగు) పెడితే సరిగ్గా అంతే వస్తుంది, కానీ నేను మధ్యలో ఒక ఫిల్టర్ హోల్డర్ ఇరికించడంతో ఆ దూరం మారిపోయింది. ఒక్కో మిల్లీమీటరు రింగు తీస్తూ, పెడుతూ మూడు రాత్రులు గడిచాయి. రెడ్‌క్యాట్‌లో వెనక లెన్సులే ఆ పని చేస్తాయి కాబట్టి మీకు ఈ తిప్పలు ఉండవు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ట్రాకర్‌ను మార్చే స్తోమత ఇప్పట్లో లేదు కాబట్టి రెడ్‌క్యాట్ వైపే వస్తున్నాను. పిల్లలకు శనిని చూపించాలన్న మాట మాత్రం మనసులో పడింది, దానికి మునుముందు వేరే ఏర్పాటు చేసుకుంటాను. మరో సందేహం: 135 మి.మీ. లెన్సుతో రోజెట్‌ను ప్రయత్నించినప్పుడు ఎరుపు దాదాపు కనిపించనే లేదు. కొత్త టెలిస్కోప్‌తో అది మెరుగుపడుతుందా?

మూడో జవాబు (వరంగల్ నుంచి)

టెలిస్కోప్ వల్ల మెరుగుపడేది కొంతే. రోజెట్ వెలుగులో ఎక్కువ భాగం హైడ్రోజన్ ఇచ్చే 656 నానోమీటర్ల ఎరుపు. మార్పు చేయించని కెమెరాలో సెన్సర్ ముందున్న ఫిల్టర్ ఆ ఎరుపులో సుమారు నాలుగో వంతునే లోపలికి వదులుతుంది. కాబట్టి రోజెట్ మీద రెండు మూడు రాత్రులు వెచ్చించాలి, లేదా ఆ ఫిల్టర్‌ను తీయించాలి. ఆండ్రోమెడాకు, కృత్తికల చుట్టూ ఉన్న నీలి మబ్బుకు ఈ ఇబ్బంది అంతగా లేదు. కార్తీకంలో వాటితోనే మొదలుపెట్టండి. లగూన్ విషయంలో మనం అదృష్టవంతులం: యూరప్‌వారికి చెట్ల కొమ్మల్లో దొర్లే ఆ నెబ్యులా మార్కాపురంలో 50 డిగ్రీల ఎత్తుకు వస్తుంది.

మంచు సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. పొలంలో బావి పక్కన తెల్లవారుజామున రెండు దాటేసరికి ముందు లెన్సు మీద పల్చటి పొర పడుతుంది, ఫొటోలు ఒక్కొక్కటిగా మసకబారుతున్నా చిన్న తెర మీద అది తెలియదు. లెన్సు చుట్టూ కట్టే డ్యూ హీటర్ పట్టీని, దానికో పవర్ బ్యాంకును టెలిస్కోప్‌తో పాటే కొనండి. రాత్రి చల్లబడేకొద్దీ ఫోకస్ కూడా జరుగుతుంది, అందుకే గంటకోసారి బాటినోవ్ మాస్క్ (ఫోకస్ కుదిరిందో లేదో చూపే గీతల మూత) పెట్టి సరిచూసుకోవాలి.

పెట్టె ఇంటికి చేరిన రోజే, ఊరికి వెళ్లేదాకా ఆగకుండా, హైదరాబాదులో మేడ మీద నుంచే ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని ఫ్రేమ్ మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో నాలుగుసార్లు తీసి చూడండి. నాలుగు మూలలూ ఒకే తీరులో ఉండాలి. ఒక మూల మాత్రమే సాగితే ముందు టీ-రింగ్ బిగుతు చూసుకోండి. అప్పటికీ సాగుతుంటే ఆ ఫొటోలతో సహా అమ్మినవారికి వెంటనే రాయండి. నేను నెల రోజులు ఆగి రాసినందుకు నా మొదటి గొట్టాన్ని వాపసు తీసుకోలేదు.