సగటు హాజరు 90 శాతం, అయినా అవే ఎనిమిది పేర్లు

ఏడో తరగతి టీచర్, ఆదోని వైపు:
మా ఏడో తరగతిలో 40 మంది. నెల సగటు 90 శాతం వస్తోంది కాబట్టి పైనుంచి ఎవరూ అడగరు. హాజరు పట్టీ తిరగేస్తే మాత్రం మానేవాళ్లలో ప్రతి నెలా అవే ఎనిమిది పేర్లు. ఫోన్ చేస్తే ‘రేపు పంపిస్తాం సార్’ అంటారు, రెండు రోజులు వస్తారు, మళ్లీ మామూలే. పద్ధతిగా ఎక్కడ మొదలుపెట్టాలి?

హెచ్‌ఎం, ఉన్నత పాఠశాల:
సగటును పక్కన పెట్టేయండి సార్. 24 పనిదినాల నెలలో 40 మందికి 960 హాజర్లు, 90 శాతం అంటే 96 గైర్హాజర్లు. ఎనిమిది మంది తొమ్మిదేసి రోజులు మానితేనే 72 అయిపోయాయి. మిగతా 32 మందికి తలా ఒక రోజు కూడా పడదు. బడికి పంపే తల్లులకు డబ్బిచ్చిన అమ్మ ఒడి పథకం నాటి 75 శాతం హాజరు నిబంధన కూడా మనల్ని ఏమార్చింది. 220 రోజుల్లో 55 మానినా పిల్లవాడు గట్టున పడ్డట్టే. నిజానికి పదో వంతు, అంటే 22 రోజులు దాటినా చాలు, చదువు వెనకబడుతుంది. మొదటి నెలలో రెండు మూడు రోజులు మానిన పేరు పక్కన అప్పుడే గుర్తు పెట్టుకోండి.

తర్వాత ఒక తెల్ల కాగితం. ఎడమవైపు ఎనిమిది పేర్లు, పైన సోమ నుంచి శని వరకు ఆరు గళ్లు. గత రెండు నెలల గైర్హాజర్లను ఏ రోజుదైతే ఆ రోజు గడిలో ఎర్ర గీతలుగా వేయండి. గీతలు ఒకే గడిలో గుట్టపడితే సంతో, వారపు పనో ఉంటుంది. అన్ని గళ్లలో పరుచుకుంటే తేదీలు చూడండి. నెలనెలా మూడు నాలుగు రోజులు వరసగా మానే అమ్మాయి ఉంటే ముందు మరుగుదొడ్డి గడియ, నీళ్లు, చెత్తబుట్ట చూడాలి. నెలసరి మాట మేడమ్ గారే అడగాలి.

సీఆర్‌పీ (చుట్టుపక్కల బడులకు సాయపడే క్లస్టర్ రిసోర్స్ పర్సన్):
అడిగే తీరు దగ్గరే చాలామంది తప్పుతారు. ‘ఎందుకు రాలేదు?’ అంటే ‘జ్వరం సార్’ అనే వస్తుంది. ‘నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఏం చేశావు, చెప్పు’ అనాలి. అప్పుడు బయటపడుతుంది: అమ్మ ఏడింటికే పత్తి తీయడానికి పోయింది, తమ్ముడికి మూడేళ్లు, అంగన్‌వాడీ ఇంకా తెరవలేదు, తెరిచేసరికి బడి గంట కొట్టేశారు, ఆలస్యంగా వెళ్తే తిడతారని ఇంట్లోనే ఉండిపోయింది. ఇక్కడ అడ్డుపడింది పిల్ల అశ్రద్ధ కాదు, అంగన్‌వాడీ, బడి వేళల తేడా. తమ్ముణ్ణి దించి వస్తే మొదటి పీరియడ్ మధ్యలోనైనా తిట్టకుండా కూర్చోబెట్టండి, అంతే.

ఒక పిల్లకు ఒక మార్పు. ఎవరు చేస్తారో, ఏ తేదీ నుంచో కాగితం మీద రాయండి. మూడు వారాలు, అంటే 18 పనిదినాలు చూడండి. గీతలు సగానికి తగ్గకపోతే మీరు పట్టుకున్నది అసలు కారణం కాదు, మళ్లీ అడగాలి. ఒకేసారి ఐదు పనులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఇంకొకటి, తిరిగొచ్చిన రోజు. ‘దారి తప్పి వచ్చావా?’ అన్న ఒక్క మాటతో ఆ మూడు వారాలూ బూడిదలో పోసినట్టే. పక్క బెంచీ పిల్లతో నోట్సు ఇప్పించి, మొదటి పీరియడ్‌లోనే ఒక తేలిక ప్రశ్న ఆ పిల్లనే అడగండి.

కోసిగి ఉపాధ్యాయుడు:
మన దగ్గర వలస సంగతి వేరు. గుంటూరు వైపు మిరప కోతలకు పోయే ఇంటి పిల్లలకు ఈ మూడు వారాల లెక్క పనికిరాదు. బండి ఎక్కకముందే పేర్లు రాయాలి. అవ్వాతాతల దగ్గర ఉండేవాళ్లు ఎవరు, సీజనల్ హాస్టల్ (వలస కాలంలో పిల్లలు ఉండి చదువుకునే వసతి) కావాల్సినవాళ్లు ఎవరు, తల్లిదండ్రులతో వెళ్లేవాళ్లు ఎవరు అని మూడు భాగాలు చేసి ఎంఈఓకి (మండల విద్యాధికారికి) ఇవ్వండి. ఊరు ఖాళీ అయ్యాక ఇచ్చిన జాబితాతో హాస్టల్ తెరిపించలేరు.

ఏడో తరగతి టీచర్:
గీతలు వేశాను. నలుగురివి సంత రోజునే గుట్టపడ్డాయి. నలుగురికీ కలిపి ఒకే ఏర్పాటు చేయొచ్చా?

సీఆర్‌పీ:
వద్దు సార్. సంత ఒకటే, ఇళ్లు నాలుగు. ఒకడు కూరగాయల తట్ట దగ్గర కూర్చుంటాడు, ఇంకొకడు ఇంట్లో మేకలకు కాపలా ఉంటాడు. రేపు ఇద్దరినే విడివిడిగా అడగండి, మిగతా ఇద్దరు వచ్చే వారం.